నాలుగు మూరలూ ఒక జానెడు

మా ఇంట్లో వెనక గది కిటికీకి ఉన్న పరదా నేల దాకా రాదు. ఒక జానెడు, ఆపైన రెండు వేళ్లు ఎత్తులోనే ఆగిపోతుంది. ఇంటికొచ్చిన వాళ్లందరి కళ్లూ ముందు దాని మీదే పడతాయి. కొందరు నా మొహం చూసి ఊరుకుంటారు. కొందరు ఊరుకోరు, "కింద ఒక పట్టీ అతికితే సరిపోతుంది కదండీ" అని సలహా ఇస్తారు. అలా సలహా ఇచ్చినవాళ్లకి నేను రెండో కప్పు టీ ఇవ్వను. పట్టీ అతకడం నాకు రాక కాదు. ఆ పరదా కుట్టింది నేనే.

హామిల్టన్‌లో పదకొండేళ్లు అద్దె ఫ్లాట్లలో గడిపి, నిరుడు డిసెంబర్‌లో సొంత ఇల్లు కొనుక్కున్నాం. పాత చెక్క ఇల్లు, కిటికీలకి ఒంటి అద్దాలు. ఉన్న కర్టెన్లు బూజు పట్టి నల్లగా ఉంటే మొదటిరోజే పీకి పారేశాం. కొత్తవి తర్వాత చూద్దాంలే అనుకుని, కిటికీలకి దుప్పట్లు పిన్నులతో గుచ్చాం. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు, ఆవిడ డ్యూటీలు ఆవిడవి. నా ఆఫీసు పని నాది. "తర్వాత" అన్న మాట నాలుగు నెలలు నడిచింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అంటే చీరాలలో పొద్దున్నే, అక్కకి వీడియో కాల్ చేసి ఇల్లంతా తిప్పి చూపిస్తున్నాను. వెనక గదిలోకి రాగానే అక్క టిఫిన్ గిన్నె పక్కన పెట్టేసింది.

"ఇదేంట్రా, కిటికీలకి దుప్పట్లు? కాపరం చేసే ఇల్లేనా, సత్రమా?"

"ఇది నీ గదేనక్కా."

"నా గదా! దుప్పటి కట్టిన గదిలోకి నేనెందుకు వస్తాన్రా, చలికి చావడానికా? ముందు పరదాలు కట్టు. అప్పుడు చూద్దాం."

ఈ "అప్పుడు చూద్దాం" నాకు కొత్తేమీ కాదు. అక్క ఇక్కడికి రావాలని నేను ఎన్నేళ్లుగా బతిమాలుతున్నానో నాకే లెక్క తెలియదు. ఒక ఏడు మోకాళ్లు, ఒక ఏడు బావకి వంట ఎవరు చేస్తారని, ఒక ఏడు ఏమీ లేదు, ఊరికే చలి. ఈసారి నేను ఊరుకోలేదు. కాగితాలన్నీ నేనే సర్ది, పోరి పోరి వీసా తెప్పించాను. అది ఈ ఏడాది చివరి దాకే. అది గడిచిపోతే అక్క మళ్లీ సంతకాలు పెట్టదు, నాకు తెలుసు. ఈ ఏడు రాకపోతే ఇంక అక్క ఈ ఇంటి గడప తొక్కదు.

అక్క ఎవరో చెప్పాలి. నాకంటే పదకొండేళ్లు పెద్దది. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. నాన్న లారీ ఆఫీసులో గుమాస్తా, పొద్దున పోతే చీకటి పడ్డాక గానీ వచ్చేవాడు కాదు. నాకు తలకి నూనె రాసిందీ, ఎక్కాలు చెప్పిందీ, వీపు మీద రెండు వేసిందీ, తర్వాత ఏడుస్తూ అన్నం పెట్టిందీ అన్నీ అక్కే. పదో తరగతితో చదువు ఆపేసి వసారాలో కుట్టుమిషన్ వేసుకుంది. నేను బడి నుంచి రాగానే ఆ మిషన్ పక్కన కూలబడేవాణ్ని. సూదిలో దారం ఎక్కించడం, బాబిన్ చుట్టడం, పరదాల అంచు మడిచి కచ్చాకుట్టు వెయ్యడం నా పనులు. మగపిల్లాడు కుట్టుపని చేస్తున్నాడని వీధిలో ఎవరైనా నవ్వితే మీదపడి కొట్టేవాణ్ని. కోపం నాకు పుట్టుకతోనే ఉంది.

అక్క మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతుండేది. కానీ అది జాకెట్లకి. ఇంటి సామానుకి మాత్రం చెయ్యే కొలత. గుమ్మం పరదా, మంచం దుప్పటి, కిటికీ గుడ్డ, ఏదైనా మోచెయ్యి ఆనించి మధ్యవేలి చివరి దాకా ఒక మూర, మళ్లీ అక్కడి నుంచి ఇంకో మూర. చివర్లో మిగిలింది జానతో. ఒకసారి నేను టేపు అందిస్తే, "ఒంటికైతే టేపు కావాలిగానీ గోడకెందుకురా? గోడేమన్నా లావెక్కుద్దా, పొడుగెక్కుద్దా?" అంది. ఆ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. వీధిలో పెళ్లిళ్లకి షామియానా కట్టేవాళ్లు కూడా వచ్చి అక్క చేత మూరలు వేయించుకునేవాళ్లు.

అందుకే ఆ ఆదివారం "కిటికీ కొలత చెప్పు, ఇక్కడ మంచి దళసరి నేత బట్ట ఉంది, కోసి పంపిస్తా" అని అక్క అడిగినప్పుడు, టేపు ఇంకా విప్పని అట్టపెట్టెల్లో ఎక్కడో ఉందన్నాను. "టేపేం చేసుకుంటావురా, మూర వెయ్యి" అంది. ఫోన్ కిటికీ అంచున నిలబెట్టి మూర వేశాను. పై కడ్డీ నుంచి నేల దాకా నాలుగు మూరలూ ఒక జానెడు. అడ్డం కూడా అలాగే మూర వేసి చెప్పాను.

"నేల దాకా ఎందుకురా? కిటికీ వరకు చాలుగా?"

"ఇక్కడ అట్టా కాదక్కా. పరదా నేలకి తాకాలి. లేకపోతే అద్దం దగ్గరి చలంతా కింద నుంచి గదిలోకి దిగుద్ది."

"సరే, నాలుగు మూరలూ జానెడు. కోత నాది. కుట్టు నీది. మర్చిపోయుంటావు, చూద్దాం."

అక్కతో మాట్లాడితే నా నోటికీ చీరాల మాటే వస్తుంది. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు మాట్లాడిన నోరేనా ఇది అనిపిస్తుంది. ఫోన్ పెట్టేశాక ఆ మాట ఇంకాసేపు నాలుక మీద ఉండాలని, ఎవరూ లేకపోయినా నాలో నేను గొణుక్కుంటుంటాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

గుడ్డ జూన్‌లో వచ్చింది. భూగోళానికి ఈ కింది కొసన అది చలికాలం. ఇక్కడికి గంట దూరంలో పాపకూర అనే ఊళ్లో ఉండే ఒక అంకుల్ ఊరెళ్లి వస్తుంటే అక్క ఆయనకి మూట అప్పజెప్పింది. తీసుకోవడానికి కారేసుకుని వెళితే, గుమ్మంలోనే నన్ను నిలబెట్టి దులిపేశాడాయన. పురుగు పట్టకుండా అక్క గుడ్డ మడతల మధ్య వేపాకు పెట్టిందట. ఈ దేశంలోకి బయటి ఆకూ అలమూ రానివ్వరు. ఎయిర్‌పోర్టులో ఆయన్ని పక్కకి పిలిచి, మూట విప్పి, ఒక్కో ఆకూ ఏరి తీశారట.

"నన్ను దొంగలాగా నిలబెట్టారండీ! మీ అక్కగారు ఒక్క మాట చెప్పొద్దూ? పైగా 'బాబూ, మడత నలగనీయమాకు' అని మాత్రం పదిసార్లు చెప్పింది!"

ఆయన తిడుతున్నంతసేపూ తల వంచుకుని నిలబడ్డాను, నవ్వు ఆపుకోవడానికి. ఇంటికొచ్చి మూట విప్పాను. ముదురు ఆకుపచ్చ బట్ట, ఒక పక్క సన్నటి ఎర్ర అంచు. ఆకులు తీసేసుకున్నారు గానీ వాసన గుడ్డలోనే ఉంది. మొహం ఆనించి కాసేపు అలాగే కూర్చున్నాను. అక్క చీరల పెట్టె అచ్చం ఇదే వాసన.

మిషన్ ఆప్ షాప్‌లో దొరికింది. పాత సామాను అమ్మే ఆ కొట్లో దాన్ని ఎవరూ ముట్టుకుంటున్నట్టు లేదు, నాకోసమే ఉన్నట్టుంది. కరెంటుది. అయినా నా రెండు కాళ్లూ కింద ఊగుతూనే ఉండేవి, తొక్కుడు మిషన్ అలవాటు అంత తేలిగ్గా పోతుందా? మొదటిరోజు మూడు సూదులు విరిచాను. మిషన్‌ని తిట్టాను, దారాన్ని తిట్టాను, మధ్యలో టీ తెచ్చిన పాపానికి మా ఆవిడని కూడా ఒక మాట అన్నాను. "మీ అక్క ఎదురుగా ఉంటే ఇలాగే అరుస్తారా?" అంది. అక్క ఎదురుగా ఉంటే అరవాల్సిన పనేముంది?

చలి ఆగాలంటే వెనక దళసరి లైనింగ్ వెయ్యాలని బట్టల కొట్టావిడ చెప్పింది. మన దగ్గర పరదా చూపుకి అడ్డం, ఇక్కడ చలికి అడ్డం. అక్క కోసిన గుడ్డ నేల మీద పరిచి, దాని కొలతకే లైనింగ్ కోశాను. కిటికీ దగ్గర పట్టుకుని చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. అక్క కోసిన గుడ్డని మళ్లీ కొలిచేవాడెవడు?

మూడు వారాల శని ఆదివారాలు కుట్టాను. బయట వైకాటో నది మీది పొగమంచు మధ్యాహ్నం దాకా విడిచేది కాదు. నాలుగోవంతు కుట్టేసరికి చేతులకి పాత పని గుర్తొచ్చింది. అంచు మడిచి గోటితో గీసి అణిచే పద్ధతి, మూల దగ్గర సూది దించి ఉంచి గుడ్డ తిప్పడం, దారం చివర పళ్లతో కొరకడం. కొరికినప్పుడల్లా "పళ్లు ఊడతాయిరా, కత్తెర లేదూ?" అన్న అరుపు చెవిలో వినపడేది. ఆ అరుపు ఇప్పుడు ఈ గదిలో నిజంగా వినాలని ఎంత అనిపించిందో చెప్పలేను. పదిహేనేళ్లకి ఇల్లు వదిలిన దగ్గర్నుంచి అక్కతో నేను ఏకబిగిన పది రోజులు గడిపింది లేదు. సెలవులకి పోవడం, నాలుగు రోజులు తినడం, రావడం. నా కష్టం ఏమిటో ఆమెకి తెలియదు, ఆమె ముసలితనం ఎలా మొదలైందో నాకు తెలియదు. నాకు అక్క కావాలి. ఫోన్‌లో కాదు, ఇక్కడ, ఈ కుర్చీలో కూర్చుని నా కుట్టుకి వంకలు పెడుతూ కావాలి.

జూలై మొదటి ఆదివారం కడ్డీకి రింగులు తగిలించి పరదా వదిలాను. అది నేల మీదికి దిగలేదు. గాలిలో ఆగిపోయింది.

కాసేపు నాకు అర్థం కాలేదు. కడ్డీ పైకి బిగించానేమో అని చూశాను. లేదు, ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. అడ్డంగా కూడా కుచ్చులు పలచగా పడ్డాయి. ఒళ్లు మండిపోయింది, ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. ఎలాగైనా అక్కకి తెలియకూడదనుకున్నాను. ఫోన్ చేసి, పరదా పై సగం మాత్రం చూపిస్తూ, "చూశావా, కుట్టు ఎంత నీటుగా వచ్చిందో" అని గొప్పలు పోయాను. అక్క మొహం వెలిగిపోయింది. "అబ్బో, చెయ్యి మర్చిపోలేదురోయ్" అంది.

ఇంతలో డ్యూటీ దిగి మా ఆవిడ వచ్చింది. విషయం తెలియదు పాపం. "అలా పట్టుకుంటే ఏం కనపడుద్దండీ, వదినకి మొత్తం చూపించండి" అని ఫోన్ లాక్కుని, వెనక్కి జరిగి, పైనుంచి కింద దాకా చూపించేసింది.

అక్క నవ్వు ఆగిపోయింది.

"అదేంట్రా, కిందికి రాలేదే?"

"కావాలనే పెట్టానక్కా. ఇక్కడ ఇదే ఫ్యాషన్."

"నాతో అబద్ధాలాడమాకు. నేల దాకా అన్నావుగా. జానెడు తక్కువ కోశానా? నేనా?"

ఏదో సర్దిచెప్పబోయాను. స్టవ్ మీద పాలున్నాయని ఫోన్ పెట్టేసింది. స్టవ్ మీద పాలు లేవని నాకు తెలుసు, ఆమె కూర్చున్నది వంటింట్లోనే, వెనక ఖాళీ స్టవ్ కనపడుతూనే ఉంది.

మరుసటి ఆదివారం ఫోన్ ఎత్తలేదు. ఆ పై ఆదివారం బావ ఎత్తాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మీ అక్క మిషన్ మీద గుడ్డ కప్పేసిందయ్యా. వచ్చిన జాకెట్లు తిప్పి పంపేసింది. కళ్లు పోయినయ్, చెయ్యి పోయింది, నేనింక దేనికీ పనికిరాను అంటంది. ప్రయాణం మాట ఎత్తితే లేచి పోతంది. కొన్నాళ్లు ఆ ఊసు తేమాకు."

ఒక గుడ్డముక్క తక్కువైతే అయింది, దానికోసం అక్క మనసు విరగ్గొట్టానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ముందే టేపు వెతుక్కుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఆ కోపంలోనే అట్టపెట్టెలన్నీ చింపి టేపు బయటికి లాగాను. ఇన్ని నెలలు దొరకని టేపు పావుగంటలో దొరికింది.

ఒక శనివారం పొద్దున అద్దం మీద పట్టిన చెమ్మ తుడిచి, పరదా దింపి నేల మీద పరిచాను. తప్పు ఎక్కడ జరిగిందో చూడాలి. పై మడత, కింది మడత కలుపుకుని, మడతల కోసం అక్క వదిలే బెత్తెడు తీసేస్తే, డెబ్భై నాలుగు అంగుళాల పైన ఒక పిసరు. నాలుగు మూరలూ జానెడంటే నాలుగున్నర మూరలు. అంటే మూర పదహారున్నర అంగుళాలు. నా చెయ్యి కొలుచుకున్నాను. పంతొమ్మిది.

అడ్డం కొలత కూడా చూశాను. అక్కడా అదే పదహారున్నర. ఎక్కడ కొలిచినా అదే, వెంట్రుకవాసి తేడా లేదు. అక్క తప్పు కొయ్యలేదు. తన చెయ్యి ఎంత చెప్పిందో అంతే కోసింది. నేను నా చేత్తో కొలిచి చెప్పాను, ఆమె తన చేత్తో కొలిచి కోసింది. రెండు చేతులూ ఒకటి కాదన్న సంగతి ఆమెకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఎందుకు తట్టలేదో ఆ నేల మీద కూర్చునే గుర్తుకొచ్చింది. పదో తరగతి అయ్యాక నన్ను విజయవాడలో హాస్టల్ కాలేజీలో చేర్చారు. బయల్దేరే ముందు రోజు పొద్దున అక్క నా హాస్టల్ మంచానికి దుప్పటి కోస్తోంది. ఉన్నట్టుండి ఆగి, "ఏదీ, నీ చెయ్యి పెట్టు" అంది. మోచేతులు రెండూ మిషన్ బల్ల మీద ఆనించి, అరచేతులు పక్కపక్కనే చాపాం. రెండు మధ్యవేళ్లూ ఒక్కచోటే ఆగాయి. "నా మూరా నీ మూరా ఒకటైందిరా! ఇంక నేను లేకపోయినా నువ్వే కోసుకోవచ్చు" అని, పైటతో కళ్లు తుడుచుకుని, కత్తెర నా చేతికిచ్చింది. ఆ దుప్పటి నేనే కోశాను.

ఆ తర్వాత నేను పెరిగాను. నా పెళ్లిలో నన్ను దీవించడానికి అక్షింతలు తల మీదికి విసరాల్సి వచ్చిందని అక్కే నవ్వింది. నేను పొడుగయ్యానని ఆమె కళ్లకి తెలుసు. చేతికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ చేతి లెక్కలో నా మూర ఆ రోజు పొద్దున బల్ల మీద ఆగినచోటే ఉంది.

మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేశాను. బావ ఎత్తితే, "అక్కకియ్యి బావా. ఇయ్యకపోతే నేను రేపే బయల్దేరి వస్తా" అని అరిచాను. అరిచినందుకు పని జరిగింది. అక్క వచ్చి కూర్చుంది. ఫోన్ వైపు చూడలేదు.

"అక్కా, నువ్వు తప్పు కొయ్యలేదు. అంతా కొలిచి చూశా. ఒక్క పిసరు తేడా లేదు."

"మరి పరదా ఎందుకు రాలేదు?"

"హాస్టల్‌కి పోయే ముందు మనిద్దరం చెయ్యి చెయ్యి ఆనించి చూసుకున్నాం, గుర్తుందా? అప్పుడు ఒకటే. ఇప్పుడు కాదు. నీ చెయ్యి పోలేదక్కా. నా చెయ్యే పెరిగింది."

అక్క తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. మోచెయ్యి దగ్గర్నుంచి వేళ్ల చివర దాకా మెల్లగా చూసుకుంది. నేను నా చెయ్యి చాపి ఫోన్ ముందు పెట్టాను. అరచేతి వెడల్పు తెరలో నా చెయ్యి ఎంత ఉందో ఎవరికి కనపడుతుంది?

"ఎంతుంది ఇప్పుడు?" అంది.

"పంతొమ్మిది అంగుళాలు. నీది పదహారున్నర."

వెనక ఎక్కడో కూరగాయల బండివాడి కేక వినపడి పోయింది.

"రెండున్నర అంగుళాలా?" అంది చివరికి. "ఎప్పుడు పెరిగావురా అంత? నేను చూడనే లేదే."

చాపిన చెయ్యి ఫోన్ ముందు నుంచి తియ్యలేదు.

అక్క పైటతో మొహం గట్టిగా తుడుచుకుంది. తర్వాత మామూలు గొంతు వచ్చింది, నన్ను తిట్టే గొంతు.

"ఆ కింద నువ్వేం అతకమాకు. ఎర్ర అంచు గుడ్డ ఇంకా ఉంది నా దగ్గర. టేపు తెస్తా, ఈసారి చెయ్యి మాటే నమ్మను. ముందు నిన్ను కొలవాలి, తర్వాత కిటికీ. టికెట్ ఎప్పటికి దొరుకుద్దో చూడు. ఊరికే నిలబడమాకు, పో."

అక్టోబర్‌కి దొరికింది. ఇప్పుడు ఆగస్టు. పొద్దున లేచి ఆ గదిలోకి వెళితే, పరదా తీస్తే తెల్లగా మంచు పట్టిన గడ్డి, వేస్తే కింద ఆ కాస్త మేర బోసి గోడ కనపడతాయి. చలి ఆ సందులోంచే గదిలోకి దిగుతోంది. పాత తువ్వాలు చుట్టి అడ్డం పెట్టాను, అంతకు మించి ఏమీ చెయ్యలేదు. ఈసారి వేపాకు తేవద్దని మాత్రం అక్కకి వంద సార్లు చెప్పాను. తెస్తుందనే నా నమ్మకం.

నిన్న అక్కే ఫోన్ చేసింది. బావ సూట్‌కేసు కొన్నాడట, తాళం పడటం లేదట. అవన్నీ చెప్పి, పెట్టేసే ముందు, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"ఒరేయ్, ఎయిర్‌పోర్టులో అంతమందిలో నిన్ను గుర్తుపడతానంటావా?"

"పట్టకపోతే చెయ్యి చాపుతాలే అక్కా. ఆనించి చూసుకో."